కొండ కింది గీత

"ఏజెన్సీ" అన్న మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? మా ఇంట్లో అయితే గ్యాసు బండ గుర్తొస్తుంది. పిల్లల్ని అడిగితే పేపరు ఏజెన్సీ అంటారు. అదే నర్సీపట్నంలోనో, మాడుగులలోనో వుండేవాళ్ళని అడిగి చూడండి, చెయ్యెత్తి పడమటి కొండలకేసి చూపిస్తారు. "అదిగో, అక్కణ్ణించే ఏజెన్సీ" అంటారు. మా పెదనాన్నగారు బడిపంతులుగా పనిచేసే రోజుల్లో ఆయనకి ఒకసారి ఏజెన్సీకి బదిలీ అయింది. ఆ కాగితం వచ్చిన రోజున మా పెద్దమ్మ పొయ్యి రాజెయ్యలేదట. తప్పు చేసినవాళ్ళని పంపే చోటని ఆవిడ భయం. తీరా వెళ్ళాక అయిదేళ్ళు అక్కడే కాపరం చేసింది. మళ్ళీ కిందికి బదిలీ అయిననాడు కూడా ఏడ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇంతకీ కొండల వరసకి, అక్కడి అడవికి, వూళ్ళకి, మనుషులకి కలిపి ఈ దుకాణం పేరు ఎవరు పెట్టారు? మన్యం అని మనకి చక్కటి మాట వుంది కదా! ఈ సంగతి తెలుసుకుందామని మొదలుపెడితే నేను రెండువందల ఏళ్ళ వెనక్కి పోవలసివచ్చింది. సరిహద్దు అనగానే మనకి హిమాలయాలు, ఖైబరు కనుమ, తుపాకీ పట్టుకున్న సిపాయి కళ్ళముందు మెదుల్తాయి. మన పెరటి గోడ అవతలే ఒక సరిహద్దు వుందనీ, దానికోసం ఇక్కడా యుద్ధాలు జరిగాయనీ మనం అనుకోం. ఆ సరిహద్దు గురించే ఇవాళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు ఆ చోటు ఎలా వుంటుందో చెప్పాలి. విశాఖపట్నం నించి అరకు వెళ్ళే దారిలో శృంగవరపుకోట దాటేదాకా అంతా మనకి తెలిసిన వూళ్ళే. కొబ్బరిచెట్లు, చెరుకు, మామిడి తోటలు. తర్వాత వున్నట్టుండి కొండ నిటారుగా లేస్తుంది. నెమ్మదిగా ఎత్తు పెరగటమంటూ ఏమీ లేదు, గోడ కట్టినట్టే. బస్సు మలుపులు తిరుగుతూ అనంతగిరి చేరేసరికి చెవులు దిబ్బడేస్తాయి. అరకు లోయ ఎత్తు సుమారు 3,000 అడుగులు. ఆ చుట్టుపక్కల శిఖరాలు కొన్ని 5,000 అడుగులు దాటతాయి. కొత్తవలస నించి కిరండూలు దాకా 1960లలో వేసిన రైలుమార్గం యాభైకి పైగా సొరంగాల్లోంచి పోతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి వేశారు దాన్ని. మనం అద్దాల పెట్టెలో కూర్చుని ఫోటోలు తీసుకోవడం తర్వాత వచ్చిన వేడుక.

ఎక్కిన తర్వాత తెలిసేదేమిటంటే, అది గోడ కాదు, అరుగు. పైన మళ్ళీ పొలాలున్నాయి, వాగులున్నాయి, మెట్లు మెట్లుగా వరిమళ్ళున్నాయి. కార్తీక మార్గశిరాల్లో వలిసె పూసిందంటే లోయ లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. వలిసెలు నూనెగింజలు. మనం చూడ్డానికి వెళతాం, వాళ్ళకది నూనె. అడవిలో అడ్డాకులు, చింత, పనస, జీలుగు చెట్లు. ఇళ్ళముందు చోళ్ళు దంచుకునే రోళ్ళు. గదబ స్త్రీలు ఒకప్పుడు అడవిచెట్టు బెరడునించి నార తీసి, చారలు చారలుగా తమ చీరలు తామే నేసుకునేవారు. చెవులకి పెద్ద పెద్ద ఇత్తడి తీగ చుట్లు పెట్టుకునేవారు. ఇప్పుడా చీర పండగలకీ నృత్యాలకీ తప్ప కనపడటం తగ్గిపోయింది.

ఈ కొండల రాయి చాలా పాతది. వంద కోట్ల సంవత్సరాలు దాటిన వయసు. అందులో ఎర్రగా, జేగురు రంగులో వుండే ఒక రకానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైటు అని పేరు పెట్టారు. ఖోండు అనే కొండజాతి వారి పేరుమీద పెట్టిన పేరది. ఒక మనుషుల పేరు రాయికి పెట్టి ప్రపంచమంతా వాడుకుంటున్నారు, ఆ మనుషులకి మాత్రం కాళ్ళకింది భూమి తమదని చెప్పుకోవడానికి కాగితం ముక్క దొరకడానికి చాలాకాలం పట్టింది. సరే, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నీళ్ళ సంగతి ఇంకా చిత్రం. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల కిందుగా పారి, తిన్నగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద దూరమేమీ కాదు. అదే పాడేరు, మాడుగుల కొండల అవతలి వాలుమీద పడిన వాన మాచ్‌ఖండ్ అయి, సముద్రానికి వీపు తిప్పి ఉత్తరంగా పోతుంది. డుడుమ దగ్గర లోయలోకి దూకుతుంది. అక్కణ్ణించి మళ్ళీ దక్షిణానికి తిరిగి, సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. ఒకే మబ్బు, రెండు దారులు. ఆ మధ్యనున్న గట్టే మన కథకి రంగస్థలం.

ఈ గట్టుకి పూర్వం కాపలా ఎవరు కాసేవారంటారు? సిపాయిలు కాదు, జ్వరం. మన్యం జ్వరమంటే కింది వూళ్ళల్లో హడలు. చలి, వణుకు, వారం తిరక్కుండా మనిషి కట్టెపుల్ల. కొండనీళ్ళలో విషం వుందనేవారు. దొరలు చెడ్డగాలి అన్నారు. దోమ సంగతి ఎవరికీ తెలియదు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కూర్చుని దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టేదాకా ఈ గుట్టు విడలేదు. మన తెలుగునేలమీదే విడింది కూడా! కొండల్లోకి వెళ్ళిన పటాలాలు తూటాలకంటే ఎక్కువగా జ్వరానికే భయపడ్డాయి. పుట్టి పెరిగినవాళ్ళకి కొంత తట్టుకునే శక్తి వుండేది, అదీ పసిపిల్లల్ని బలిపెట్టి సంపాదించుకున్న శక్తే. తల్లులు ఎంత పోగొట్టుకున్నారో లెక్క రాసినవారు లేరు. 1953లో దేశమంతటా మలేరియా నివారణ పథకం వచ్చి, ఇంటింటికీ డి.డి.టి. కొట్టడం మొదలయ్యాక జ్వరం చాలామట్టుకు లొంగింది. జ్వరం లొంగాక కింది జనం ధైర్యంగా పైకెక్కి భూములు కొనడం, కొట్లు పెట్టడం మొదలైంది. మందు రావడం తప్పని నేను అనను, అమ్మనయినదాన్ని ఎలా అంటాను? కాని ఒక కోటగోడ కూలినప్పుడు లోపలివాళ్ళకి ఇంకో రక్షణ కావాలి కదా.

జ్వరం తరవాత రెండో కాపలాదారు ముఠాదారు. ముఠా అంటే ఇప్పుడు మనకి సినిమాల్లో దొంగలగుంపు. కొండల్లో మాత్రం కొన్ని గ్రామాల కట్టని ముఠా అనేవారు. దానిపైన వంశపారంపర్యంగా ఒక పెద్ద. ఏడాదికింత కట్టుబడి జమీందారుకి కట్టి, కనుమదారులు కాస్తూ, తన మనుషుల తగాదాలు తీరుస్తూ వుండేవాడు. పైకి పోయే దారులు నాలుగయిదే. సాలూరు నించి పొట్టంగికి ఒకటి, శృంగవరపుకోట నించి అనంతగిరికి ఒకటి, మాడుగుల వైపు నించి పాడేరుకి, నర్సీపట్నం నించి లంబసింగి మీదుగా చింతపల్లికి, ఇటు గోదావరి పక్క రంపచోడవరం నించి మారేడుమిల్లికి. కొండమీద అన్నీ పండుతాయి, ఉప్పు పండదు. సముద్రపు ఉప్పుని బంజారాలు ఎద్దులమీద వేసుకుని జయపురం, బస్తరు దాకా తీసుకువెళ్ళి, ధాన్యం వేసుకుని తిరిగొచ్చేవారు. ఉప్పూ ఎండుచేపలూ పైకి, పసుపూ చింతపండూ కిందికి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం జరిగే చోటు సంత. సంతకి తట్ట నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరేది ఆడదే. కాబట్టి ఈ సరిహద్దుని ఎక్కువసార్లు దాటినవాళ్ళు సేనాపతులు కారు.

ఇక ఇంగ్లీషువారు వచ్చారు. 1802లో ఉత్తర సర్కారుల్లో జమీందారీలకి శాశ్వతంగా శిస్తు నిర్ణయించారు. కట్టలేకపోతే జమీందారీ వేలం. మైదానంలో అయితే వేలంపాటలో కొన్నవాడు గుర్రమెక్కి వచ్చి స్వాధీనం చేసుకుంటాడు. కొండని వేలం వేస్తే కొన్నవాడు ఏం చేసుకుంటాడు? పైకెళ్ళలేడు, వెళితే తిరిగిరాలేడు. కచేరీలో కూర్చున్న దొరలకి ఈ చిన్న సంగతి అర్థం కావడానికి ముప్ఫయ్యేళ్ళ అల్లర్లు కావలసివచ్చాయి.

గొలుగొండ కథ వినండి. నర్సీపట్నం పైనున్న కొండలన్నీ ఆ జమీందారీ కిందివి. 1830లలో అక్కడి జమీందారుని సర్కారు తొలగించి, అదే కుటుంబంలోని జమ్మ దేవమ్మ అనే స్త్రీని గద్దెమీద కూర్చోబెట్టింది. కొండ సర్దారులతో ఒక్క మాట చెప్పలేదు. వారు అది తమకి జరిగిన అవమానమనుకున్నారు. ఆవిణ్ణి అడవిలోకి తీసుకుపోయి చంపేశారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆమెను పెట్టిన దొరలకి ఏమీ కాలేదు. పోనీ చంపినవాళ్ళు మన వీరులే కదా అని సమర్థించడానికీ నాకు మనసు ఒప్పదు. మొగవాళ్ళ ఇద్దరి పంతాల మధ్య నలిగిపోయింది ఆవిడ. 1837లో ఆ జమీందారీని బకాయిల కింద వేలం వేస్తే సర్కారువారే కొనుక్కున్నారు. ఆ తర్వాత కూడా 1840లలో, మళ్ళీ 1857, 58ల్లో ఆ కొండలు తిరగబడుతూనే వున్నాయి.

ఈ అల్లర్లు చల్లార్చడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని 1832లో ప్రత్యేకంగా పంపింది. గంజాం, విశాఖపట్నం కొండలు చూసివచ్చి ఆయన చెప్పిన సలహా ఏమిటంటే, మైదానం కోర్టులూ చట్టాలూ ఈ కొండలకి పనికిరావు, వీటిని విడిగా వుంచండి అని. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. కొండప్రాంతాల వరకు మామూలు కోర్టుల అధికారం తీసేసి, జిల్లా కలెక్టరుని "గవర్నరుగారి ఏజెంటు" అని నియమించారు. దివానీ, ఫౌజుదారీ అన్నీ ఆయన చేతిలోనే. ఏజెంటుగారి ఇలాకా కాబట్టి ఏజెన్సీ! ఇదండీ ఆ మాట పుట్టుక. గ్యాసు బండకీ కొండకీ చుట్టరికం అక్కడ కలిసింది.

ఆ చట్టం కొండ అడుగున ఒక గీత గీసింది. కొండవాళ్ళ మేలు కోరి గీసింది కాదు, పటాలాల ఖర్చు తగ్గించుకోవడానికి గీసుకున్నది. కాని గీత అంటూ గీశాక అది ఎవరికి ఎప్పుడు ఎలా అక్కరకొస్తుందో గీసినవాడికి కూడా తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు గోదావరి పక్కకి వెళదాం. రంప అని చిన్న వూరు, దాని పేరనే చుట్టూ సుమారు 800 చదరపు మైళ్ళ కొండసీమ. అక్కడ జమీందారు బదులు మున్సబుదారు వుండేవాడు. ఆయన కింద ముఠాదారులు. 1879లో అక్కడ పుట్టిన పితూరీని చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. అది జీలుగు కల్లు దగ్గర మొదలైందంటే మనవాళ్ళు కొంచెం చిన్నచూపుగా నవ్వుతారు కూడా. తాగుడు కోసం తిరుగుబాటా అని. అలా నవ్వకూడదు. ఎందుకో చెబుతాను.

జీలుగు చెట్టు ఈతచెట్టుకి పెద్దన్న లాంటిది, ఆకులు చేపతోకలా చీలి వుంటాయి. దాన్ని గీస్తే కుండలు కుండలుగా కల్లు దిగుతుంది. పోడు చేసుకునే కొండరెడ్డి ఇంట్లో ఎండాకాలం వచ్చేసరికి గింజలు అయిపోతాయి. కొత్త పంట చేతికందేదాకా వుండే ఆ రెండు మూడు నెలలు దుంపలూ, మామిడి టెంకల పిండీ, ఈ కల్లూ, ఇవే ఆహారం. పెద్దలూ, పిల్లలూ, ఆడవాళ్ళూ అందరూ తాగుతారు. మన ఇళ్ళల్లో అంబలిలాగా అన్నమాట. ఆస్ట్రియానించి వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే పండితుడు తన భార్యతో కలిసి పాపికొండల్లో కొండరెడ్ల మధ్య వుండి, వాళ్ళ జీవితం మీద 1945లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించాడు. జీలుగు వాళ్ళకి ఎంత ముఖ్యమో అందులోనూ తెలుస్తుంది.

ఆ కల్లు మీద మున్సబుదారు చిగురుపన్ను అని ఒక పన్ను వేసేవాడు. అది చాలదన్నట్టు 1870లలో సర్కారువారి ఆబ్కారీ నిబంధనలు కొండకి ఎక్కాయి. ఇంటివాడకానికి కూడా సొంతంగా కల్లు గీసుకోకూడదు. పన్ను వసూలు హక్కు కాంట్రాక్టరుకి వేలం. మున్సబుదారు ఇంకో పన్ను కూడా తగిలించాడు. ఒక్కసారి మన ఇంటికి అన్వయించుకుని చూడండి. పెరట్లో ములగచెట్టు వుంది, పిల్లలకి ఆకు వండిపెట్టాలంటే ఎవరో ఒకడు వచ్చి నిలబడి, ముందు నాకు డబ్బు కట్టు అంటే మన ఒళ్ళు ఎలా మండుతుంది?

దీనికి తోడు కింది షావుకార్లు. ఉప్పూ బట్టా అరువిచ్చి, మైదానం కోర్టులో దావా వేస్తారు. సమను ఎక్కడో కొండమీదున్న మనిషికి అందదు, అందినా చదవలేడు, చదివినా అంతదూరం నడిచి వాయిదాకి రాలేడు. ఏకపక్షంగా డిక్రీ అయిపోతుంది. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువచేసే పశువుల్నీ పంటనీ తోలుకుపోయిన ఉదంతం దొరల రాతల్లోనే వుంది. ఆ పశువులు తోలుకుపోతున్నప్పుడు వెంట పోలీసు జవానుంటాడు కాబట్టి, ఇది సర్కారు హుకుం కాబోలని ఆ అమాయకులు అనుకున్నారు. అనుకోరూ మరి?

1879 మార్చిలో చోడవరం చుట్టుపక్కల పోలీసుల మీద దాడులు జరిగాయి. ఏప్రిలుకి గొలుగొండ కొండలకి పాకింది, జులైకి భద్రాచలం దగ్గరి రేకపల్లికి. అంబుల్‌రెడ్డి, కారం తమ్మన్నదొర వంటివారు నాయకులు. మద్రాసు నించి పదాతి పటాలాలు, గుర్రపుదళం, హైదరాబాదు కంటింజెంటు నించి కొంత సైన్యం దిగాయి. ఇంత సైన్యానికీ ఏడాది దాటి పట్టింది. తమ్మన్నదొర 1880లో చనిపోయాడు. పట్టుబడ్డవారిలో కొందరిని సముద్రం దాటించి అండమాన్ పంపారు. మున్సబుదారుని తొలగించి, ముఠాదారులకి తిన్నగా సర్కారే సనదులిచ్చింది. సొంత వాడకానికి తీసుకునే కల్లుమీద బిగింపు సడలించక తప్పలేదు. పన్నెండు మాసాల యుద్ధం చేస్తే తమ చెట్టుకింద తాము కుండ పెట్టుకునే హక్కు వచ్చింది.

ఈ రేకపల్లి సంగతి కొంచెం ఆగి చెప్పాలి. కూనవరానికి దగ్గర్లో, శబరి పక్కన వుంటుంది. ఆ భద్రాచలం ప్రాంతమంతా ఒకప్పుడు నైజాములో వుండేది. 1860లో ఇంగ్లీషువారికి ఇచ్చేస్తే మధ్యపరగణాల్లో కలిపారు. అక్కడ పోడుమీద శిస్తు తేలిక. 1874లో దాన్ని తీసి మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాకి మార్చారు. కాగితంమీద ఒక సంతకం. ఫలితంగా పోడు శిస్తు ఇంచుమించు మూడింతలయింది. కొన్ని అడవుల్లో కాలు పెట్టకూడదన్నారు. అయిదేళ్ళలో వాళ్ళు రంపవారితో చేతులు కలిపారంటే ఆశ్చర్యమేముంది? తర్వాత 1953లో ఆంధ్రరాష్ట్రం, 1959లో ఖమ్మం జిల్లా, 2014 జూనులో తెలంగాణా, ఆ వెంటనే పోలవరం ముంపు మండలాల పేరుతో తిరిగి ఆంధ్రప్రదేశ్. ఆ వూరు వున్నచోటనే వుంది. గీతే దాని మీదనించి ఇటూ అటూ పాకింది. 2022 జులై వరదల్లో గోదావరీ శబరీ పొంగి ఆ మండలాల వూళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద వంటలు చేసుకున్నవాళ్ళు ఆ మనుషుల మునిమనవరాళ్ళే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని రాళ్ళు పాతారు. పోడు నేరమయింది. వంటచెరుకు ఏరుకున్నా, అడ్డాకు కోసుకున్నా అడిగేవాడొకడు తయారయ్యాడు. మొదటి గీత కొండ అడుగున గీశారు కదా, ఇది ఇంటి గుమ్మం ముందు గీశారు. అడవికి రోజూ పోయేది ఆడవాళ్ళు గనక, ఫారెస్టు గార్డు అనే మాట ముందుగా వాళ్ళకే తెలిసింది.

అల్లూరి సీతారామరాజు కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడి తుపాకులు పట్టుకుపోవడం, సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు దొరలు చనిపోవడం, 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చిచంపడం, ఇవన్నీ పిల్లల పాఠాల్లోనూ వున్నాయి, తెరమీదా వున్నాయి. నేను చెప్పేది ఆ కథ వెనకనున్న రోడ్డు సంగతి. నర్సీపట్నం నించి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన కనుమ రోడ్డది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియను ఆ పనికి కొండవాళ్ళని బలవంతాన తోలి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. తమని పట్టుకోవడానికి వచ్చే పోలీసులకి తామే, సగం కూలికి, దారి వేసిపెట్టాలన్నమాట. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు రాజుగారితో కలవడం వెనక ఈ మంట వుంది.

ఇంకొక్క సంగతి. ఈ పితూరీ అణచడానికి మలబారు పోలీసులు చాలక, ఈశాన్య సరిహద్దు కొండల్లో పనిచేసే అస్సాం రైఫిల్సుని తెప్పించారు. ఒక సరిహద్దులో నేర్చిన విద్య ఇంకో సరిహద్దులో ప్రయోగించారు. సర్కారు లెక్కలో మన విశాఖ కొండలు కూడా సరిహద్దే అనడానికి ఇంతకంటే ఏం కావాలి? గంటందొర ఆ పోరాటంలోనే పోయాడు. మల్లుదొర అండమాన్ చూసి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నించి లోకసభకి ఎన్నికయ్యాడు. కనుమ దాటి కిందికి దిగి ఢిల్లీ దాకా వెళ్ళాడాయన.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, గీత అక్కరకి రావడం గురించి. 1917లోనే ఏజెన్సీ భూమిని కొండజాతులవారి నించి ఏజెంటు అనుమతి లేకుండా పైవారు కొనకూడదని ఒక చట్టం చేశారు. పితూరీల భయంతోనే చేసి వుంటారు. అమలు ఎంతవరకు జరిగిందో అక్కడి సంతవీధుల్లో మేడలు చూస్తే తెలుస్తుంది. స్వరాజ్యం వచ్చాక 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్ళీ ఒక రెగ్యులేషను చేసింది. అదీ సరిపోలేదు. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి దగ్గర, సభకి వెళుతున్న గిరిజనులమీద భూస్వాముల పక్షంవాళ్ళు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. శ్రీకాకుళం పోరాటం రగులుకుంది. ఆ మంటల మధ్యనే 1969లో ముఠాదారీ పద్ధతి రద్దయింది. 1970లో ఒకటవ రెగ్యులేషను వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనులు కానివారికి ఎవరూ, గిరిజనులు కానివారు కూడా, అమ్మటానికి వీల్లేదు. గిరిజనేతరుడి చేతిలో భూమి వుంటే అది గిరిజనుడిదేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. ఏజెన్సీలో ఈ చట్టాన్ని "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. చదువురాని ముసలమ్మలకి కూడా ఈ మాట వచ్చు.

తర్వాత బొర్రా చుట్టుపక్కల భూములని ప్రైవేటు గనుల కంపెనీలకి ప్రభుత్వమే లీజుకిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఏమని చెప్పిందంటే, ఆ రెగ్యులేషనులో "ఎవరూ" అన్నమాటలో ప్రభుత్వం కూడా చేరుతుంది, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి ఇవ్వకూడదు అని. ఏ కొండ రాయికైతే ఖోండుల పేరు పెట్టారో ఆ కొండలు కొంతకాలానికైనా నిలిచాయి. దొరలు తమ సౌకర్యం కోసం గీసిన గీతని పట్టుకుని కొండవాళ్ళు నిలబడ్డారు. అందుకే ఎవరైనా "ఇంకా ఈ ప్రత్యేక చట్టాలెందుకండీ, అందరం ఒకటే కదా" అంటే నేను ఒప్పుకోను. కింద మనం ఒక సెంటు స్థలం కొనడానికే ఎన్ని కాగితాలు చూస్తాం?

అన్ని గీతలూ ఇలా ఉపకరించవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు జయపురం సీమ అటు వెళ్ళిపోయింది. సాలూరు పైన కొఠియా గ్రామాలని వున్నాయి. వాటిలో 21 గ్రామాలు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ తగువులాడుకుంటున్నాయి. 1968లోనే తగాదా సుప్రీంకోర్టుకి చేరింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒరిస్సా మళ్ళీ కోర్టుకి వెళ్ళింది. ఆ వూళ్ళల్లో చాలా ఇళ్ళల్లో రెండు రాష్ట్రాల కార్డులూ వున్నాయని పేపర్లలో రాస్తూ వుంటారు. రెండు చోట్లా బియ్యం తీసుకుంటున్నారని ఎవరో ఎగతాళిగా అంటుంటే విన్నాను. కార్డులు రెండున్నాయి సరే, పురిటినొప్పులు వచ్చినప్పుడు ఆవిడ ఏ రాష్ట్రపు ఆసుపత్రి వైపు కొండ దిగాలో చెప్పండి. నన్నడిగితే రెండు ప్రభుత్వాలూ ముందు ఈ ఒక్క ప్రశ్న తీర్చి, తర్వాత కోర్టులో ఎంతకాలమైనా వాదించుకోవచ్చు.

2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, అటు పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. జిల్లా పేరులో మన్యం అన్న మన మాట చేరినందుకు నాకు సంతోషమయింది. అయినా బస్సు కండక్టరు ఇప్పటికీ ఏజెన్సీ అనే అంటాడు.

కిందటి మార్గశిరంలో మేం అరకు వెళ్ళాం. సంతరోజు. గిరిజన సహకార సంస్థ 1956 నించీ తేనె, చింతపండు, కుంకుడుకాయలు కొంటూనే వుంది. అయినా సంతలో షావుకారు కూడా వుంటాడు. ఒకావిడ కొండచీపుర్లు కట్టలు కట్టి అమ్ముతోంది. మా వాళ్ళలో ఒకరు అలవాటుగా బేరం మొదలుపెట్టారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా కట్ట వెనక్కి తీసుకుని, పక్కన పెట్టుకుని, చుట్ట వెలిగించుకుంది. మేం నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, ఆవిడ చెప్పిన ధరే ఇచ్చి రెండు కట్టలు తీసుకున్నాం. డబ్బు లెక్కపెట్టుకుని, మూటలోంచి ఉప్పు పొట్లం తీసి చూపిస్తూ, "ఇది మీ కిందిదే" అంది నవ్వుతూ.